బ్యాంకు చూసే కాగితం మనమెప్పుడు చూస్తాం?

గిద్దలూరులో పాత ట్రాక్టరు ఇచ్చేసి కొత్తది తీసుకుందామని షోరూముకు వెళ్ళిన రైతును ఇప్పుడు ముందుగా అడిగేవి పాన్ కార్డు, ఫోన్ నంబరు. పాసుపుస్తకం, వన్‌బీ సంగతి ఆ తర్వాత. ఫోనుకొచ్చిన ఓటీపీ చెప్పించుకుని, ఫైనాన్సు కంపెనీ కుర్రాడు తెర వంక చూసి గొంతు తగ్గిస్తాడు: “సిబిల్ రావట్లేదన్నా. ఇంట్లో ఇంకెవరి పేరు మీదైనా చూద్దామా?” చూస్తారు. తమ్ముడి పేరు మీదో, భార్య పేరు మీదో కాగితాలు తయారవుతాయి, బండి ఇంటికొస్తుంది. తన పేరు కింద ఏం రాసి ఉందో, ఎవరు రాశారో రైతు అడగడు. అడిగినా కుర్రాడు చెప్పలేడు. అతనికి కావలసింది మూడంకెల స్కోరు ఒక్కటే.

ఆ మూడంకెల వెనక కొన్ని పేజీల రిపోర్టు ఉంటుంది. మనిషి ఎప్పుడు, ఎక్కడ, ఎంత అప్పు తీసుకున్నాడు, ఏ నెల కట్టాడు, ఏ నెల తప్పాడు, కొత్తగా అప్పు కోసం ఎన్నిచోట్ల అడిగాడు అన్నీ అందులో ఉంటాయి. దాన్ని ఏడాదికోసారి పైసా కట్టకుండా తెప్పించుకునే వీలు 2017 జనవరి 1 నుంచి ఉంది. అయినా చాలామంది ఆ కాగితం ముఖం చూసేది అప్పు రాలేదని తెలిశాకే. పెళ్ళి ముహూర్తమో, కాలేజీ ఫీజు గడువో నెత్తిమీద ఉన్నప్పుడు తప్పు దిద్దించుకోవడానికి వ్యవధి ఉండదు.

రిజర్వు బ్యాంకు అనుమతితో ఈ రిపోర్టులు తయారుచేసే కంపెనీలు, అంటే క్రెడిట్ బ్యూరోలు, దేశంలో నాలుగు. 2000లో పుట్టిన సిబిల్ వాటిలో పాతది, ఇప్పుడు ట్రాన్స్‌యూనియన్ సిబిల్. మిగతావి ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, సీఆర్‌ఐఎఫ్ హైమార్క్. జనం నోట మాత్రం నాలుగూ సిబిలే. 2005లో పార్లమెంటు చేసిన చట్టం కింద ఇవి నడుస్తాయి. ప్రభుత్వ బ్యాంకైనా, గ్రామీణ బ్యాంకైనా, బంగారం కుదువ పెట్టుకునే కంపెనీ అయినా, ఫోనులో అప్పిచ్చే నమోదైన సంస్థ అయినా తానిచ్చిన అప్పుల లెక్క ఈ నాలుగింటికీ పంపాలి. ఇదివరకు నెలకోసారి పంపేవారు. 2025 జనవరి నుంచి పదిహేను రోజులకోసారి పంపాలి.

అందులో ఉండనివేమిటో తెలుసుకోవడం కూడా ముఖ్యమే. మార్కాపురం బజారులో మూడు రూపాయల వడ్డీకి రాసిచ్చిన ప్రోనోటు అందులో కనిపించదు. ఎరువుల కొట్లో అరువు, ఊళ్ళో పాడుకున్న చీటీ కనిపించవు. ఎన్ని ఎకరాలుంది, బ్యాంకులో నిల్వ ఎంతుంది అన్నవీ ఉండవు. అందుకే ఊరంతా మాట మీద నిలబడే మనిషి అనుకునే ఆసామికి అక్కడ పేరు చెడి ఉండవచ్చు. నలుగురికి టోపీ పెట్టినవాడికి ఎనిమిది వందల స్కోరు ఉండవచ్చు. స్కోరు 300 నుంచి 900 దాకా ఉంటుంది. బ్యాంకు అప్పే ఎప్పుడూ తీసుకోనివాళ్ళకు అసలు స్కోరే రాదు. అది దోషం కాదు. అప్పు చరిత్ర లేదన్న ఒక్క కారణంతో మొదటిసారి అడిగేవాళ్ళను కాదనకూడదని రిజర్వు బ్యాంకు 2025 జనవరి నాటి ఆదేశాల్లో ఉంది.

ఇక పశ్చిమ ప్రకాశం సంగతి. ఇక్కడివాళ్ళ రిపోర్టుల్లో మచ్చలు పడటానికి ఈ నేల చరిత్రలోనే కారణాలున్నాయి. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేదాకా మార్కాపురం, గిద్దలూరు కర్నూలు జిల్లాలో ఉండేవి. జిల్లా మారింది గానీ కరువు మారలేదు. వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన జరిగింది. అప్పుడు పుట్టిన పిల్లలు ఇప్పుడు తమ పిల్లల్ని బడికి పంపుతున్నారు. ఒక బోరు పడకపోతే ఇంకో బోరు వేయడం, బోరు అప్పు తీరకముందే బత్తాయి తోట ఎండిపోవడం, ఇంటికి తాళం వేసి హైదరాబాదుకో బెంగుళూరుకో కట్టుబడి పనులకు వెళ్ళిపోవడం ఇక్కడ చాలా ఇళ్ళ కథ. తాళం వేసిన ఇంటికి బ్యాంకు నోటీసు వచ్చి తిరిగిపోతుంది. అక్కడ కొత్త సిమ్ తీసుకుంటే పాత నంబరుకు వచ్చే మెసేజీ కూడా అందదు.

అంతకంటే లోతైన మచ్చ 2010 నాటిది. అప్పట్లో మైక్రోఫైనాన్సు కంపెనీలు పోటీలు పడి ఊళ్ళలో మహిళలకు అప్పులిచ్చాయి. ఒకే ఇంట్లో మూడు నాలుగు కంపెనీల అప్పులు, ఒకదాని వారం కిస్తీ కట్టడానికి ఇంకోదాని దగ్గర అప్పు. వసూళ్ళ ఒత్తిడి, ఆత్మహత్యల వార్తల మధ్య రాష్ట్ర ప్రభుత్వం 2010 అక్టోబరు 15న ఆర్డినెన్సు తెచ్చింది, తర్వాత అదే చట్టమైంది. ఇంటి ముందు కూర్చుని వసూలు చేయడం కుదరదని, పంచాయతీ ఆఫీసు లాంటి బహిరంగ చోట, అదీ నెలకోసారి మాత్రమే వసూలు చేయాలని చెప్పింది. ఉమ్మడి రాష్ట్రంలో కంపెనీలకు రావలసిన వేల కోట్ల రూపాయలు ఎక్కడివక్కడ ఆగిపోయాయి.

ఆ చట్టం వేధింపుల నుంచి కాపాడింది, అప్పును రద్దు చేయలేదు. ఈ తేడా మహిళలకు ఎవరూ విడమరచి చెప్పలేదు. “గవర్నమెంటు కట్టొద్దంది” అన్న మాటే ఊరూరా తిరిగింది. సరిగ్గా ఆ సమయంలోనే వ్యవస్థ మారింది. వై.హెచ్. మాలేగాం నాయకత్వంలోని కమిటీ 2011 జనవరిలో, చిన్న అప్పుల సమాచారం కూడా క్రెడిట్ బ్యూరోలకు చేరాలని సిఫారసు చేసింది. అదే ఏడాది డిసెంబరులో రిజర్వు బ్యాంకు దాన్ని నిబంధనగా మార్చింది. అంటే కట్టడం ఆగిన రోజులూ, కట్టనివారి పేర్లు కంప్యూటరుకెక్కడం మొదలైన రోజులూ కలిసిపోయాయి. దేశంలో మరే రాష్ట్రంలోనూ ఇంతమంది పేద మహిళలకు ఒక్కసారిగా ఇలాంటి ముద్ర పడలేదనే చెప్పాలి. బ్యూరోలు అప్పుల వివరాలను కనీసం ఏడేళ్ళు ఉంచాలి. కట్టని అప్పును కంపెనీ తన లెక్కల్లో అలాగే పెట్టుకుని పంపుతూ పోతే ఆ పద్దు ఇంకా ముందుకు సాగుతుంది. రిజర్వు బ్యాంకు దగ్గర నమోదైన కంపెనీలకు ఆ పాత చట్టం వర్తించదని తెలంగాణ హైకోర్టు 2023 ఫిబ్రవరిలో తీర్పు చెప్పాక, మైక్రోఫైనాన్సు కంపెనీల చూపు మళ్ళీ తెలుగు ఊళ్ళ మీద పడింది. ఈసారి సంతకానికి ముందు వాళ్ళు బ్యూరో రిపోర్టు చూస్తారు.

రెండో మచ్చ రుణమాఫీది. 2014 ఎన్నికల్లో మాఫీ మాట విని, పంట అప్పులను తిరగరాయించుకోకుండా ఆగిన రైతులు లెక్కలేనంతమంది. కుటుంబానికి లక్షన్నర దాకా మాఫీ అని తేలింది. యాభై వేల లోపు అప్పులకు ఒకేసారి, అంతకు మించినవాటికి ఏడాదికో విడత చొప్పున డబ్బు ఇస్తామన్నారు. ఆధార్ సరిపోలలేదని, సర్వే నంబరు తేడా ఉందని జాబితాల్లో పేర్లు లేనివాళ్ళు ఆఫీసుల చుట్టూ తిరిగారు. చివరి విడతల డబ్బు చాలామందికి చేరకముందే 2019లో ప్రభుత్వం మారింది. రైతు దృష్టిలో అది మాఫీ అయిన అప్పు, బ్యాంకు పుస్తకంలో గడువు మీరిన అప్పు. బ్యూరోకు చేరేది బ్యాంకు పుస్తకమే.

పొదుపు సంఘాలదీ ఇదే వరస. డ్వాక్రా మాఫీ అన్న మాట మీద కిస్తీలు ఆపిన సంఘాలకు చివరికి దక్కింది సభ్యురాలికి పదివేలు, అదీ విడతలుగా. ఆ తర్వాతి ప్రభుత్వం ‘ఆసరా’ కింద 2019 ఏప్రిల్ 11 నాటికి ఉన్న బాకీ మొత్తాన్ని నాలుగు విడతల్లో ఇచ్చింది. ఆ డబ్బు సభ్యుల చేతికి వచ్చింది, బ్యాంకు అప్పు మాత్రం సంఘమే కట్టుకోవాలి. ఈ లోపల 2016లో రిజర్వు బ్యాంకు ఇంకో పని చేసింది. అప్పటిదాకా సంఘం పేరు మీదే ఉన్న అప్పుల వివరాలను, సభ్యురాలి వారీగా బ్యూరోలకు పంపాలని బ్యాంకులకు చెప్పింది. సంఘం కట్టకపోతే పదిమంది పేర్లూ చెడే ప్రమాదం అప్పటి నుంచి మొదలైంది. తన వాటా నెలనెలా లీడరు చేతికిచ్చి నిశ్చింతగా ఉన్న సభ్యురాలు, ఆ డబ్బు బ్యాంకుకు చేరిందో లేదో చూసుకునేది ఎప్పుడు?

ఇవన్నీ అసలు అప్పుల వల్ల వచ్చిన చిక్కులు. వీటిలో కొన్ని నిజమైన బాకీలు, కొన్ని తప్పు రాతలు. ఏది ఏదో రిపోర్టు చదివితేగానీ తేలదు. తనకు సంబంధమే లేని అప్పు పేరు కింద చేరిపోవడం మరో రకం. దానికి మన పేర్లే ముఖ్య కారణం.

మార్కాపురం చుట్టుపక్కల చెన్నకేశవులు అనే పేరు ఎంతమందికి ఉందో లెక్క తీయడం కష్టం. ఊరి దేవుడి పేరు అది. వెంకట సుబ్బయ్యలు, లక్ష్మీదేవులు, మస్తాన్‌వలీలు, ఖాసింబీలు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. ఇంటిపేరు ఒకచోట పొడి అక్షరంగా, ఇంకోచోట పూర్తిగా, మరోచోట పేరుకు చివర పడుతుంది. ఆధార్‌లో రెండు ముక్కలుగా ఉన్న పేరు పాన్‌లో ఒకే ముక్కగా ఉంటుంది. ఆడవాళ్ళకైతే పెళ్ళికి ముందు ఇంటిపేరు ఒకటి, తర్వాత ఒకటి. పైగా పుట్టిన తేదీ కాగితం లేనివాళ్ళకు ఆధార్ తీసినప్పుడు చెప్పిన వయసును బట్టి జనవరి 1 అని పడిపోయింది. పేరు ఒకటే, తేదీ ఒకటే, మండలం ఒకటే అయిన ఇద్దరిని కంప్యూటరు ఒక్కరే అనుకుంటే తప్పెవరిది? పాన్ కార్డు లేకుండా ఓటరు కార్డు, రేషన్ కార్డు నంబర్లతో ఇచ్చిన పాత చిన్న అప్పుల్లో ఈ గందరగోళానికి అవకాశం ఎక్కువ.

బ్యాంకుల విలీనాలు ఇంకో మెలిక వేశాయి. 2020 ఏప్రిల్ 1న ఆంధ్రాబ్యాంకు యూనియన్ బ్యాంకులో, సిండికేట్ బ్యాంకు కెనరాలో కలిసిపోయాయి. ఆంధ్ర ప్రగతి గ్రామీణ బ్యాంకు పేరు 2025 మే 1న పోయింది. రాష్ట్రంలోని గ్రామీణ బ్యాంకులన్నీ ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకుగా ఒకటయ్యాయి. ఖాతా నంబర్లు మారినప్పుడు అదే అప్పు పాత బ్యాంకు పేరు మీద ఒకసారి, కొత్త బ్యాంకు పేరు మీద ఒకసారి కనబడుతుందేమో చూసుకోవాలి. పాత బ్యాంకులో తీర్చేసిన అప్పు ‘యాక్టివ్’ అనే ఉండిపోయిందేమో కూడా.

ఇక దొంగలు. తన పాన్ నంబరుతో ఎవరో 2,000 రూపాయల అప్పు తీసుకుని తన సిబిల్ చెడగొట్టారని నటి సన్నీ లియోన్ 2022 ఫిబ్రవరిలో బయటపెట్టింది. రెండు నెలలకు నటుడు రాజ్‌కుమార్ రావు 2,500 రూపాయల అప్పు గురించి అదే ఫిర్యాదు చేశాడు. వాళ్ళు ఒక మాటంటే దేశమంతా వింటుంది, కంపెనీ ఆ పూటే స్పందిస్తుంది. సిమ్ కోసం, సెల్‌ఫోన్ వాయిదాల కోసం, పథకాల కోసం ఎక్కడ పడితే అక్కడ ఆధార్, పాన్ జిరాక్సులు ఇచ్చే కొమరోలు కూలీకి ఆ వీలు లేదు. అతనికి మిగిలిన దారి రిపోర్టు చూసుకోవడమే.

మరి చూసేదెలా? నాలుగు కంపెనీల వెబ్‌సైట్లలోనూ పాన్ నంబరు, పుట్టినతేదీ, ఫోన్ నంబరు ఇచ్చి ఏడాదికొక ఉచిత రిపోర్టు తీసుకోవచ్చు. నాలుగింటినీ ఒకేరోజు తీయనక్కర్లేదు. మూడు నెలలకొకటి చొప్పున తీస్తే ఏడాది పొడవునా ఒక కన్ను వేసి ఉంచినట్టే. మైక్రోఫైనాన్సు అప్పులున్న ఇంట్లోవాళ్ళు సీఆర్‌ఐఎఫ్ హైమార్క్ రిపోర్టు తప్పక చూడాలి. వెబ్‌సైట్లు నెలవారీ చందాల వైపు లాగుతాయి, ఉచితం అన్న మీట ఎక్కడో కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది. వెతికి పట్టుకోవాలి. తన రిపోర్టు తానే చూసుకుంటే స్కోరు తగ్గుతుందన్న భయం చాలామందిలో ఉంది. అది నిజం కాదు. స్కోరు మీద ప్రభావం చూపేది అప్పు కోసం బ్యాంకులు, కంపెనీలు చేసే విచారణే. షోరూములో ఒకే రోజు నాలుగైదు ఫైనాన్సు కంపెనీల్లో “చూద్దాం” అని పాన్ కొట్టించుకోవడం వల్ల అలాంటి విచారణలు పోగుపడతాయి.

రిపోర్టు ఇంగ్లీషులో ఉంటుంది. అసలు అడ్డంకి ఇదేనన్నది ఈ వ్యాసకర్త అభిప్రాయం. ఓటీపీ వచ్చిన రైతుకు పదిహేను పేజీల ఇంగ్లీషు చేతిలో పెట్టి హక్కు ఇచ్చామనడం సగం పనే. ఇంట్లో డిగ్రీ చదివే పిల్లలుంటే వాళ్ళను పక్కన కూర్చోబెట్టుకోవాలి. నెట్ సెంటరులో తీస్తే ఫైలును అక్కడి కంప్యూటరులోంచి తుడిపించి రావాలి. అందులో పాన్ నుంచి చిరునామా దాకా అన్నీ ఉంటాయి.

చదవడం మొదట పేరు, పుట్టినతేదీ, చిరునామాలు, ఫోన్ నంబర్లతో మొదలుపెట్టాలి. ఎప్పుడూ ఉండని ఊరి చిరునామా కనబడితే అక్కడే అనుమానించాలి. అప్పుల భాగంలో ఒక్కో అప్పుకూ ఒక్కో గడి ఉంటుంది: ఇచ్చినదెవరు, ఏ తేదీన, ఎంత, ఇంకా ఎంత బాకీ, గడువు మీరినది ఎంత. ఆ అప్పు సొంతమా, ఉమ్మడిదా, జామీను సంతకమా అన్నది కూడా అక్కడే ఉంటుంది. బామ్మర్ది ట్రాక్టరుకు జామీను పెట్టిన సంగతి మనం మరిచిపోయినా రిపోర్టు మరిచిపోదు. దాని కింద నెలల వారీ గళ్ళు, సుమారు మూడేళ్ళవి. సున్నాలుంటే సరిగ్గా కట్టినట్టు. అంకె ఉంటే అన్ని రోజులు ఆలస్యమైనట్టు. ఇంటూ గుర్తులుంటే ఆ నెల లెక్క బ్యాంకు పంపలేదని అర్థం, దానికి కంగారు పడనక్కర్లేదు. చివర విచారణల పట్టిక ఉంటుంది. మనం అడగని అప్పు కోసం మన పేరుతో ఎవరైనా అడిగి ఉంటే అక్కడ దొరికిపోతారు.

తప్పు కనబడితే రెండు తలుపులు తట్టవచ్చు. ఒకటి బ్యూరో, రెండోది అప్పిచ్చిన బ్యాంకు లేదా కంపెనీ. బ్యూరో వెబ్‌సైటులో రిపోర్టు మీదున్న కంట్రోల్ నంబరు వేసి, ఏ గడిలో ఏ తప్పో చూపించి ఫిర్యాదు పెట్టవచ్చు, దానికి రుసుము లేదు. అయితే బ్యూరో సొంతంగా ఏదీ మార్చదు. ఆ ఫిర్యాదును బ్యాంకుకే పంపుతుంది, బ్యాంకు ఔనంటేనే దిద్దుతుంది. పైగా అక్కడ దిద్దుబాటు ఆ ఒక్క బ్యూరోతో సరి. బ్యాంకే తన లెక్క సరిచేసి పంపితే నాలుగు చోట్లా మారుతుంది. అందుకని రెండు చోట్లా ఒకే రోజు రాతపూర్వకంగా ఇవ్వడం తెలివైన పని. బ్రాంచి మేనేజరు “మా చేతుల్లో లేదు, హెడ్డాఫీసు” అనవచ్చు. బ్యూరోలకు లెక్క వెళ్ళేది నిజంగానే పైనుంచి. అయినా అర్జీ తీసుకుని స్టాంపు వేసి ఇవ్వడం ఆయన చేతుల్లోనే ఉంది. నో డ్యూ సర్టిఫికెట్టు, ఖాతా స్టేట్‌మెంటు, చివరి రసీదు జిరాక్సులు జతచేయాలి. సంఘం అప్పయితే సంఘం పుస్తకం, బ్యాంకు పాసుపుస్తకం పేజీలు. తనది కాని అప్పయితే పోలీసు ఫిర్యాదు కాపీ కూడా. సైబర్ మోసాలకు 1930కి ఫోన్ చేయవచ్చు.

ఇక్కడ చాలామందికి తెలియని గడువొకటి ఉంది. ఫిర్యాదు చేసిన 30 రోజుల్లోపు అది తేలాలి. అందులో బ్యాంకు వాటా 21 రోజులు. 30 దాటితే దాటిన ప్రతి రోజుకూ వంద రూపాయల చొప్పున ఫిర్యాదుదారుకు పరిహారం ఇవ్వాలని రిజర్వు బ్యాంకు 2023 అక్టోబరు 26న ఆదేశించింది, 2024 ఏప్రిల్ నుంచి అది అమల్లోకి వచ్చింది. ఉదాహరణకు 75 రోజులకు తేలిందనుకుంటే 45 రోజులకు 4,500 రూపాయలు. ఆలస్యం ఎవరిదైతే వాళ్ళు, బ్యాంకుదైతే బ్యాంకు, బ్యూరోదైతే బ్యూరో చెల్లించాలి. ఫిర్యాదు పరిష్కారమైన అయిదు పనిదినాల్లో ఆ డబ్బు ఖాతాలో పడాలి. స్కోరు ఎలా లెక్కకట్టారన్న వివాదాలకు మాత్రం ఇది వర్తించదు. ఎవరైనా మన రిపోర్టు చూసినప్పుడు, బ్యాంకు మనల్ని బకాయిదారుగా రాసినప్పుడు మెసేజీ రావాలన్నదీ ఆనాటి ఆదేశాల్లోనే ఉంది. బెంగుళూరు వెళ్ళి సిమ్ మార్చినవాళ్ళు బ్యాంకులో నంబరు మార్పించుకోకపోతే ఆ మెసేజీ ఎవరి ఫోనుకో వెళుతుంది.

30 రోజుల్లో జవాబు లేకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ ఉన్నాడు. 2022 సెప్టెంబరు 1 నుంచి బ్యూరోల మీద కూడా అక్కడ ఫిర్యాదు చేయవచ్చు. ఖర్చు లేదు, వకీలు అక్కర్లేదు. 14448కి ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడి దారి తెలుసుకోవచ్చు. ఈ వ్యవస్థలో తప్పులు జరుగుతాయని రిజర్వు బ్యాంకుకూ తెలుసు. 2023 జూన్‌లో నాలుగు బ్యూరోలకూ కలిపి కోటి రూపాయల పైచిలుకు జరిమానా వేసింది. సమాచారం కచ్చితంగా ఉంచకపోవడం, ఫిర్యాదులకు గడువులో జవాబివ్వకపోవడం లాంటివి కారణాలు. వాటి స్థాయికి ఆ మొత్తం చిన్నదే అనిపిస్తుంది గానీ, ఒక్కటీ తప్పించుకోలేదన్నది గమనించాల్సిన విషయం.

మధ్యలో బేరగాళ్ళు తయారయ్యారు. “సిబిల్ క్లియర్ చేస్తాం, పదివేలవుతుంది” అనేవాళ్ళు ఇప్పుడు పట్టణాల్లో దొరుకుతారు. తప్పు రాతయితే మనమే ఉచితంగా దిద్దించుకోవచ్చు. నిజమైన బాకీ అయితే ఎవరూ చెరపలేరు. మార్కాపురం పలక మీద గీతలా తడిగుడ్డతో తుడిస్తే పోయే రాత కాదది. వాళ్ళు డబ్బు తీసుకుని చేసేది బ్యూరోలో ఒక ఫిర్యాదు పెట్టడం, దానికి మన ఓటీపీలు వాడటం. ఆ ఓటీపీతో ఇంకేం చేస్తారన్నది వాళ్ళ దయ.

‘సెటిల్డ్’ అన్న రాత దగ్గర చాలామంది మోసపోతారు. లోక్ అదాలత్‌లోనో, వన్‌టైమ్ సెటిల్‌మెంటులోనో లక్ష బాకీకి అరవై వేలు కట్టి రాజీపడితే కేసు పోతుంది, పొలం కాగితాలు తిరిగొస్తాయి. రిపోర్టులో మాత్రం ‘క్లోజ్డ్’ బదులు ‘సెటిల్డ్’ అని పడుతుంది. పూర్తిగా కట్టలేదని దాని అర్థం. కొత్తగా అప్పిచ్చేవాడు దాన్ని చూసి వెనక్కు తగ్గుతాడు. ఇది తప్పు రాత కాదు కాబట్టి ఫిర్యాదుతో మారదు. మిగిలిన మొత్తం కట్టి, బ్యాంకు దగ్గర నో డ్యూ తీసుకుంటేనే ‘క్లోజ్డ్’ అని మార్చమని అడిగే వీలుంటుంది. రాజీ సంతకానికి ముందే ఈ సంగతి అడిగి తెలుసుకుంటే, ఎంత తగ్గింపుకు ఒప్పుకోవాలన్నది ఆలోచించుకోవచ్చు. బక్కచిక్కిన సంసారానికి నలభై వేలు మిగలడమే మేలు కావచ్చు కూడా. అది ఎవరి లెక్క వారిది.

ఇదంతా అప్పులతోనే ఆగడం లేదు. తల్లిదండ్రుల స్కోరు తక్కువని చదువు అప్పు కాదనకూడదంటూ పిల్లల పక్షాన కోర్టులు మాట్లాడిన సందర్భాలున్నాయి. స్కోరు తక్కువగా ఉన్న విద్యార్థి విషయంలో కేరళ హైకోర్టు 2023లో ఇలాగే చదువు వైపు మొగ్గింది. ఉద్యోగాల దగ్గర మాత్రం గాలి ఎదురు. అప్పుల చరిత్ర బాగాలేదని స్టేట్ బ్యాంకు ఒక అభ్యర్థి నియామకాన్ని రద్దు చేస్తే మద్రాసు హైకోర్టు 2025 జూన్‌లో దాన్ని సమర్థించింది. బ్యాంకు పరీక్షల నోటిఫికేషన్లలో సక్రమమైన అప్పు చరిత్ర ఉండాలన్న షరతు ఇప్పుడు మామూలైపోయింది. కోచింగుకు ఒంగోలో నంద్యాలో వెళ్ళే కుర్రాళ్ళు ఫోను వాయిదా ఒకటి మరిచిపోతే ఎంత దూరం వెళుతుందో ఊహించుకోవచ్చు.

ఎప్పుడు చూడాలన్నదానికి ఈ ప్రాంతానికి సరిపోయే కాలమొకటి ఉంది. వలస వెళ్ళినవాళ్ళలో చాలామంది ఉగాది ముందూ వెనకా ఇళ్ళకు వస్తారు. పాత అప్పు కాగితాలు, రసీదులు ఉండేది ఇంట్లో ట్రంకుపెట్టెలోనే. ఖరీఫ్ అప్పుల రెన్యువళ్ళు, ఇంజనీరింగ్ అడ్మిషన్లు జూన్ తర్వాత మొదలవుతాయి. ఏప్రిల్‌లో రిపోర్టు తీసి, తప్పుంటే ఆ వారంలోనే ఫిర్యాదు పెడితే 30 రోజులు మే నెలతో అయిపోతాయి. దిద్దిన లెక్క బ్యాంకు నుంచి బ్యూరోకు చేరడానికి ఇంకో పదిహేను రోజులు వేసుకున్నా, బ్యాంకు మేనేజరు తెర తెరిచేసరికి కొత్త రిపోర్టు సిద్ధంగా ఉంటుంది. ఆ పాత రిపోర్టు, ఫిర్యాదు నంబరు, స్టాంపు వేసిన అర్జీ మాత్రం ట్రంకుపెట్టెలోనే ఉంచాలి. అదే తప్పు మళ్ళీ తిరిగి రావడం అరుదేమీ కాదు.